మంచుకొండకైనా పత్తికైనా తెలుపు తెలుపుగానే ఉండాలి



పత్తి కుప్పని ఫోన్ నిండా పట్టేట్టు ఫోటో తీసి చూడండి. కంటికి మల్లెపువ్వులా కనిపించేది ఫోటోలో మాసిన పంచెలా వస్తుంది. ఫోన్‌కి పత్తి అని తెలీదు గదా. ఇంత వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. ఈ సంగతి నాకు బాగా అర్థమైంది మన చేలో కాదు, కెనడా సముద్రంలో మంచుకొండల దగ్గర.

మా అబ్బాయి న్యూఫౌండ్‌లాండ్‌లో ఉంటాడు. మే నెలలో మనకి చేలు ఖాళీ, వాళ్లకి మంచుకొండల కాలం. గ్రీన్‌లాండ్ హిమానీనదాల నుంచి విరిగిన ముక్కలు సముద్ర ప్రవాహంలో తేలుతూ ఆ తీరానికొస్తాయి. 1912లో టైటానిక్‌ని ముంచింది ఇలాంటిదే. దాదాపు పది వంతుల్లో తొమ్మిది వంతులు నీళ్ల కిందే ఉంటుంది. కరిగే కొద్దీ బరువు మారి ఉన్నట్టుండి బోల్తా కొడుతుంది. అందుకే పడవల్ని బాగా దూరంగానే ఆపుతారు.

మొదటి ఫోటోల్లో కొండంతా బూడిద రంగు. మావాడు చెప్పిన కిటుకు తేలికే. తెరమీద మంచుని వేలితో తాకి, పక్కనొచ్చే సూర్యుడి గుర్తుని కాస్త పైకి జరపాలి. మబ్బు పట్టిన రోజు ఇది సరిపోతుంది. ఎండ నేరుగా పడుతుంటే మాత్రం కిందికి జరపాలి. తెలుపు ఒకసారి మాడిపోయిందా, అందులోని గీతలు, పగుళ్లు తర్వాత ఎంత దిద్దినా తిరిగి రావు. పక్కన ఒక పడవో పక్షో ఉంటే కొండ ఎంత పెద్దదో తెలుస్తుంది. సాయంత్రం ఏటవాలు వెలుగులో మడతలన్నీ లేచి కనపడతాయి.

ఇంటికొచ్చి దిద్దడం మొదలెట్టాం. వంకరగా ఉన్న నీటి గీత సరిచేశాం, మరీ మెరిసేచోట కొంచెం తగ్గించాం, నీడల్లో కొంచెం పెంచాం. అంతవరకు బాగుంది. తర్వాత రంగు దగ్గర పేచీ వచ్చింది.

"నాన్నా, నీలం ఇంకాస్త పెంచితే లైకులు బాగా వస్తాయి" అన్నాడు.

"ఒరేయ్, అక్కడ మనం చూసింది బట్టలకేసే నీలిమందు కాదురా" అన్నా.

మంచులో గాలి బుడగలుంటే వెలుగు చెదిరి తెల్లగా కనపడుతుంది. బుడగల్లేని గట్టి మంచు ఎరుపుని మింగేసి నీలాన్ని వదుల్తుంది. కాబట్టి నీలం చారలు నిజమే, కానీ చారల్లోనే. కొండంతా నీలం పూస్తే ఆ తేడానే చచ్చిపోతుంది.

ఆఫీసుల్లో గోడమీద ఉండే బొమ్మ చూసుంటారు, మంచుకొండ పైభాగం, నీళ్లకింద భాగం ఒకేసారి కనపడేది. అది రాల్ఫ్ క్లెవెంజర్ అనే ఆయన వేర్వేరు ఫోటోలు అతికించి చేసింది. ఒక భావం చెప్పడానికి చేశాడు, తప్పులేదు. కానీ దాన్ని చూసి మంచుకొండ కొలతలు చెప్పమంటే ఎట్లా?

మనకి దీనితో పనేంటంటారా? మనం ఆకు ఫోటో పంపి మందు అడుగుతాం. మా పక్క చేను తమ్ముడు రాత్రి బల్బు కింద మిరపాకు ఫోటో తీశాడు, ఆకు పచ్చబారినట్టు వచ్చింది. పోషకాల లోపమని జవాబొచ్చింది, మందు కొనడానికి బయల్దేరాడు. ఆగమన్నా. పొద్దున నీడలో, పక్కన తెల్ల కాగితం పెట్టి మళ్లీ తీయించా. కాగితం తెల్లగా వచ్చింది, ఆకు ఆకుపచ్చగానే ఉంది. ఒక పిచికారీ ఖర్చు మిగిలింది. దీనికి తిరుగుడు కూడా ఉంది. ఫిల్టర్ పెట్టి పచ్చదనం పెంచితే, నిజంగా జబ్బుపడ్డ ఆకు కూడా ఆరోగ్యంగా కనపడుతుంది.

నా లెక్క ఒకటే. కన్ను చూసి, ఫోన్ పోగొట్టినదాన్ని తిరిగి తేవడం దిద్దడం. కన్ను చూడనిది కలిపితే అది బొమ్మ. బొమ్మ గోడకి బాగుంటుంది, చేనుకి పనికిరాదు.

పత్తి, మిరప ఫోటోలు మీరెట్లా తీస్తారో కింద రాయండి. అందరం నేర్చుకుందాం.