కిరాయి గది ముచ్చట్లు - 9: కిటికీకి వేలాడిన డాంగిల్

పోయిన ఆదివారం మా బస్తీ అంబేడ్కర్ భవనంల జరిగిన చిన్న సంగతి చెప్పి, ఆ తర్వాత పాత అల్వాల్ గది కాడికి పోత.

భవనంల మూడు పాత కంప్యూటర్లు పెట్టినం. ఒక ఆఫీసుల తీసేస్తుంటే మన అన్న ఒకాయన అడిగి తెచ్చిండు. విండోస్ కొనే పైసలు లేవు కాబట్టి మూడింట్ల లైనక్స్ ఎక్కించినం. నెట్‌కు ఒక 4జీ డాంగిల్. డిగ్రీ ఫస్టియర్ చదివే చెల్లె ఒకామె ఈపాస్‌ల స్కాలర్‌షిప్ ఫారం నింపుదామని మూడో కంప్యూటర్ ముందల కూసున్నది. డాంగిల్ పెట్టింది. తెర మీద సీడీ బొమ్మ వచ్చింది. నెట్ రాలే.

"సార్, ఇది డాంగిల్ కాదంట, సీడీ అంట" అన్నది నవ్వుకుంట.

నాకు మాత్రం 2012 యాదికొచ్చింది.

అప్పుడు నేను పీహెచ్‌డీ మొదటి సంవత్సరం. హాస్టల్ల సీటు రాలే. లోతుకుంట దాటి అల్వాల్ వచ్చినంక, రాజీవ్ రహదారి మీది నుంచి లోపలికి రెండు గల్లీలు పోతే మేడ మీద ఒక్క గది. అది దొరకడానికి ముందు ఐదు ఇండ్లు తిరిగిన. ఒకకాడ "ఫ్యామిలీకే ఇస్తం" అన్నరు. ఒకకాడ "మాంసం వండొద్దు" అన్నరు. ఒకకాడ అడ్వాన్సు దాకా వచ్చి, ఇంటిపేరు అడిగి, "రేపు ఫోన్ చేస్తం" అన్నరు. ఆరో ఇంటాయన సూటిగనే అడిగిండు, "మీరు ఏంటోళ్లు?" అని.

"మా నాయన మిలిటరీల పనిచేసిండు సార్" అన్న.

అడిగింది ఒకటి, చెప్పింది ఒకటి. అబద్ధమైతే కాదు. మా నాయన కొన్నేండ్లు బొల్లారం దిక్కు మిలిటరీ మెస్‌ల వంటపని చేసిండు. కంటోన్మెంట్ పక్కనున్న ఊర్లల్ల మిలిటరీ అనే మాటకు విలువ ఎక్కువ. ఆయన ఇంకేదో అనుకున్నడు. నేను అనుకోనిచ్చిన. ఆ రోజు సాయంత్రం అంబేడ్కర్ ఫోటోను ట్రంకు పెట్టెల బట్టల కింద పెట్టిన. గోడకు క్యాలెండర్ ఒక్కటే వేలాడదీసిన.

నెట్ వైరు గుంజుకుందామంటే అడ్రస్ ప్రూఫ్ కావాలె. కిరాయి కాగితం రాసియ్యడానికి ఇంటాయన ఒప్పుకోలే. గోడకు రంధ్రం పెట్టనియ్యలే. కాబట్టి డాంగిల్. సిమ్ ఊరి ఓటరు కార్డు మీద తీసుకున్న. గదిల సిగ్నల్ ఒక్క కిటికీ కాడనే అందుతది. ఎక్స్‌టెన్షన్ వైరు పెట్టి, ఆ డాంగిల్‌ను కిటికీ ఊచలకు దారంతోని కట్టిన. తలకిందులుగ వేలాడుతుండె.

ల్యాప్‌టాప్ సికింద్రాబాద్ సీటీసీల కొన్న సెకండ్ హ్యాండ్‌ది. అండ్ల దొంగ విండోస్. డీటీపీ షాపుల పెన్‌డ్రైవ్ పెట్టి తెచ్చిన పాపానికి షార్ట్‌కట్ వైరస్ ఎక్కింది. ఫోల్డర్లన్నీ మాయమై, వాటి పేర్ల మీద ఉత్త షార్ట్‌కట్లు మిగిలినయ్. నా మొదటి చాప్టరు, ఆర్నెల్ల కష్టం, కనపడకుంట పోయింది. దోస్తు ఒకడు వచ్చి డెబియన్ లైనక్స్ సీడీ పెట్టిండు. ఫైళ్లన్నీ ఉన్నయ్. వైరస్ వాటిని తుడిచేయలే, దాచిపెట్టిందంతే. లైనక్స్ ఆ దాచుడును పట్టించుకోలే. ఆ రోజు నుంచి నేను లైనక్స్ మనిషినే. అప్పటికే మన హైదరాబాద్‌ల స్వేచ్ఛ సంస్థోళ్లు తెలుగుల ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసి పంచుతున్నరు. లైనక్స్ అంటే అమెరికా ముచ్చట కాదని నాకు తెలిసింది వాళ్లతోనే.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, డాంగిల్‌కు లైనక్స్ కనపడలే, లైనక్స్‌కు డాంగిల్ కనపడలే.

అప్పుడే ఎస్సీ రీసెర్చ్ స్కాలర్ల ఫెలోషిప్‌కు దరఖాస్తు గడువు. ఆన్‌లైన్ల మాత్రమే. ఇంక రెండు రోజులే ఉన్నది. పగలంతా సైటు తెరుచుకుంటలేదు, అర్ధరాత్రి దాటినంకనే కదులుతున్నది. నెట్ సెంటర్ రాత్రి పదింటికి షట్టర్ గుంజుతడు. ఫెలోషిప్ రాకపోతే చదువు బంద్ చేసి ప్రైవేటు జూనియర్ కాలేజీల చేరుడే అని ఇంట్ల అప్పటికే మాట అయిపోయింది.

దోస్తుకు ఫోన్ చేసిన. "డాంగిల్ పెట్టి, టెర్మినల్ల డీమెసేజ్ అని కొట్టు, ఆఖరి లైన్లు చదువు" అన్నడు. చదివిన. అండ్ల మోడెమ్ అనే మాట లేదు. సీడీ రోమ్ అని ఉన్నది.

వాడు నవ్వి అసలు సంగతి చెప్పిండు. ఈ డాంగిల్ తయారుచేసినోళ్లు విడిగ సీడీ ఇచ్చే ఖర్చు మిగిలించుకున్నరు. డాంగిల్ లోపటనే సీడీ వేషం వేసే చిన్న జాగ పెట్టి, అండ్ల విండోస్ సాఫ్ట్‌వేర్ నింపిండ్రు. కంప్యూటర్‌కు పెట్టంగనే అది "నేను సీడీని" అని చెప్పుకుంటది. విండోస్ ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కించుకున్నంక, అది డాంగిల్‌కు ఒక రహస్య సందేశం పంపుతది. అప్పుడు డాంగిల్ ఒకసారి ఊడిపోయినట్టు చేసి, కొత్త నంబరుతోని మోడెమ్ అయి మళ్ల లేస్తది. ఆ సందేశం పంపేటోళ్లు లేకపోతే అది ఎప్పటికీ సీడీనే.

లైనక్స్‌ల ఆ సందేశం పంపే ప్రోగ్రాం ఉన్నది, పేరు యూఎస్‌బీ మోడ్‌స్విచ్. మరి దాన్ని దింపుకోవాలంటే నెట్ కావాలె. నెట్ రావాలంటే అది కావాలె. పిచ్చి కుదిరితేగాని పెండ్లి కాదు, పెండ్లయితేగాని పిచ్చి కుదరదు.

పెన్‌డ్రైవ్ పట్టుకుని లోతుకుంట నెట్ సెంటర్‌కు ఉరికిన. ప్యాకేజీ తెచ్చిన. ఇంటికొచ్చి ఎక్కిస్తే, దీనికి ఇంకో డేటా ప్యాకేజీ కావాలె అన్నది. మళ్ల పోయిన. అది తెస్తే, టీసీఎల్ కావాలె అన్నది. మూడోసారి పోయేవరకు షట్టర్ సగం దించిండు. వంగి లోపలికి పోయి తెచ్చుకున్న. ఇంత చేసినా, నా డాంగిల్ నంబరు ఆ డేటాల లేదు. కొత్త మోడల్ అంట.

"ఫికర్ చెయ్యకు, సందేశం నేను చదువుత, నువ్వు రాసుకో" అన్నడు దోస్తు. 62 అంకెలు. 5, 5, 5, 3, 4, 2, 4, 3 అని మొదలయింది. రెండేసి చొప్పున విడగొట్టి కంప్యూటర్ భాషల చదివితే ఆ ఎనిమిది అంకెలు యూ, ఎస్, బీ, సీ అనే నాలుగు అక్షరాలు అని తర్వాత తెలిసింది. మిగతాదాంట్ల సగానికి పైన సున్నాలే. సీసపద్యానికి గణాలు కట్టినోన్ని, సున్నాలు లెక్కపెట్టుడు ఎంత పని అనుకున్న. కొట్టిన. ఏం కాలే. మళ్ల కొట్టిన. ఏం కాలే. ఇంతల కరెంటు పోయింది. ఆ యేడు కరెంటు కోతలు మీకు యాదుండే ఉంటయ్. బ్యాటరీ గంటకు మించి రాదు.

ఇంటాయన కొడుకు ఇంటర్ చదువుతుండె. ఉక్కకు మేడ మీదికి వచ్చినోడు నా తెర చూసి తలుపు కాడ ఆగిండు. నల్ల తెర, తెల్ల అక్షరాలు. "అన్నా, హ్యాకింగా?" అన్నడు. నవ్వొచ్చింది. కూసోమన్న. నేను కాగితం చూసి చదువుత, నువ్వు తెర చూసి సరిచూడు అన్న. వాడు వేలు పెట్టి ఒక్కో సున్నా లెక్కపెట్టిండు. నడుమల ఒకటి తక్కువ ఉన్నది. వాడే పట్టిండు. ఆ సున్నా పెట్టి కొట్టంగనే కిటికీ కాడ లైటు ఒకసారి ఆరింది. మళ్ల వెలిగింది, ఈసారి వేరే రంగుల. నెట్‌వర్క్ మేనేజర్ల దేశం అడిగింది, కంపెనీ అడిగింది, స్టార్ 99 హ్యాష్ డయల్ అయింది. ఇద్దరం చేతులు కొట్టుకున్నం.

పన్నెండున్నరకు సైటు తెరుచుకున్నది. వాడు పక్కనే ఉన్నడు. ఒక్కో పేజీ నింపుకుంట పోతున్న. ఆఖరికి కుల ధ్రువీకరణ పత్రం అప్‌లోడ్ చెయ్యాలె. స్కాన్ చేసిన బొమ్మ తెరిచిన. తెర నిండ వచ్చింది. మాదిగ. మూడు అక్షరాలు.

వాడు చూసిండు. వాడు చూసుడు నేను చూసిన. ఏమనలే. అప్‌లోడ్ అయ్యేదాక కూసున్నడు. "అయిపోయిందా అన్నా?" అన్నడు. "అయిపోయింది తమ్మీ" అన్న. కిందికి పోయిండు.

రెండు నెలలకు ఇంటాయన వచ్చి, "మా చుట్టాలొస్తున్నరు, గది ఖాళీ చెయ్యాలె" అన్నడు. పిలగాడు చెప్పిండని నేను అనను. పోస్టుమ్యాన్ తెచ్చిన కవర్లు చూసి ఉండొచ్చు, ఎవరన్న దోస్తు గట్టిగ జై భీమ్ అని ఉండొచ్చు. ఖాళీ చేసిన రోజు ఆ పిలగాడే నా పుస్తకాల మూటలు ఆటోల పెట్టిండు. తల ఎత్తి చూడలే. మూడు వారాల తర్వాత ఆ గల్లీల పోతే గేటుకు టులెట్ బోర్డు వేలాడుతున్నది.

ఈ సంగతి చెప్తే కొందరు దోస్తులు, "నువ్వు సుత డాంగిల్ లెక్కనే వేషం వేసినవ్ గదా" అంటరు. వేసిన. కాదని అనను. కాని నాకు అంతకంటే ఎక్కువ తొలిచేది వేరే ఉన్నది. ఆ డాంగిల్ కంపెనీకి నా మీద పగ లేదు. లైనక్స్ వాడేటోళ్లను చెడగొట్టాలని వాళ్లు అనుకోలే. కొనేటోళ్లందరి కాడ విండోస్ ఉంటదని అనుకున్నరు, అంతే. మనం వాళ్ల ఊహల లేము. టులెట్ బోర్డు కూడ గంతే. మాల మాదిగలకు ఇయ్యం అని ఏ బోర్డు మీదా ఉండదు. రాసే అవసరమే లేదు. కిరాయికొచ్చే మనిషి ఎవరో ఇంటాయన మనసుల ముందే ఖరారై ఉంటడు. నేను చదివిన సాహిత్య చరిత్రలల్ల పాఠకుడు కూడ గట్లనే ముందే ఖరారై ఉండె. పగ ఉన్నోనితోని కొట్లాడొచ్చు. లెక్కల పెట్టనోనితోని ముందు మన ఉనికే చెప్పుకోవాలె.

మరి ఆ 62 అంకెలు ఎవరు రాసిపెట్టిండ్రు? యూఎస్‌బీ మోడ్‌స్విచ్ రాసినాయన జర్మనీ మనిషి. పేరు యోసువా డీట్సె. ఒక్కో డాంగిల్‌కు ఒక్కో సందేశం. కొన్నోళ్లు తమ కంప్యూటర్ల విండోస్ ఆ డాంగిల్‌తోని ఏం మాట్లాడుతున్నదో చాటుగ విని, రాసుకుని, ఆయనకు పంపిండ్రు. ఆయన జాబితా కట్టి అందరికీ ఉత్తగనే ఇచ్చిండు. వేదం వింటే చెవుల సీసం పొయ్యాలని శాస్త్రం రాసుకున్న దేశంల, విన్నది విన్నట్టు పదిమందికి పంచుడు ఎంత పెద్ద పనో మనకు ఒకరు చెప్పాలెనా?

యోసువా అంటే మన జాషువానే. పేరు ఒకటే, పలుకుడు వేరు. ఆ పేరు మొదటిసారి చూసినప్పుడు గుర్రం జాషువా యాదికొచ్చిండు. 1941ల వచ్చిన 'గబ్బిలం'ల, గుడి లోపలికి పోనియ్యని మనిషి కాశీల ఉన్న శివునికి తన గోడు గబ్బిలంతోని పంపుతడు. గుడిలకు గబ్బిలం పోవచ్చు, ఆ మనిషి పోవద్దు. అల్వాల్ గదిల నా కిటికీకి తలకిందులుగ వేలాడినదాన్ని నేను ఆ తర్వాత గబ్బిలం అనే పిలిచిన.

ఫెలోషిప్ వచ్చింది. మొదటి బిల్లు అందినంక నేను చేసిన పని, డాంగిల్ కథంతా తెలుగుల నాలుగు పేజీలు రాసి, జిరాక్సులు తీసి జూనియర్లకు పంచుడు. అది నా గొప్ప కాదు. ఆ ఫెలోషిప్ ఒకటున్నదని నాకు చెప్పింది ఒక సీనియర్ అక్క. ఆమెకు ఇంకెవరో చెప్పిండ్రు. మన ఇండ్లల్ల ఇసొంటియి చెప్పే మేనమామలు ఉండరు. ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెప్పకపోతే అది అక్కడితోనే ఆగిపోతది.

ఇగ ఆదివారం కాడికొస్త. ఆ చెల్లెకు నేను చేసిపెట్టలే, పక్కన కూసున్న. మిగతా రెండు కంప్యూటర్లల్ల ఆ ప్రోగ్రాం ఉన్నది, మూడోదాంట్ల ఎక్కించుడు మరిచినం. ఆమె ఫోన్‌ను వైరుతోని కలిపి నెట్ తీసుకుని, ప్యాకేజీ ఎక్కించి, డాంగిల్ ఊడబీకి మళ్ల పెట్టింది. ఇప్పటి 4జీ డాంగిల్లు చాలావరకు మోడెమ్ లెక్క కాదు, నెట్‌వర్క్ కార్డు లెక్క లేస్తయ్. నంబరు డయల్ చేసే పని లేదు. సీడీ బొమ్మ మాయమైంది, నెట్ వచ్చింది. కుల పత్రం, ఆదాయ పత్రం తనే అప్‌లోడ్ చేసింది. ఆమె వెనక ఐదారుగురు పిల్లలు నిలబడి చూస్తున్నరు. తెర నిండ ఆమె కులం. ఆమె చెయ్యి అడ్డం పెట్టుకోలే. గోడ మీద బాబాసాహెబ్ ఫోటో మా ఎత్తున ఉన్నది.

"సార్, మీ పాత డాంగిల్ ఇంక నడుస్తదా?" అని అడిగింది. నడవదమ్మా అన్న. అది 3జీది. ఆ సిగ్నల్‌నే చాలా కంపెనీలు ఆపేసినయ్. టేబుల్ సొరుగుల పడి ఉన్నది.

భవనం ప్రతి ఆదివారం పొద్దున పదింటి నుంచి ఒంటిగంట దాక తెరిచి ఉంటది. ఈపాస్ ఫారాలు నింపుకునే పిల్లలు ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు, కుల, ఆదాయ పత్రాలు పట్టుకుని రాండ్రి. పైసలేం ఇయ్యనవసరం లేదు. నేర్చుకున్నంక వచ్చే ఆదివారం వచ్చి ఇంకొకరికి నేర్పాలె, గంతే.

వచ్చేవారం బొల్లారం గది ముచ్చట. జై భీమ్.