యాభై దాటాక ఆకాశ పాఠం

మదరసాల దర్సె నిజామీ పాఠ్యక్రమంలో ఇల్మె హైఅత్ అనే విద్య ఒకటి ఉండేదన్న సంగతి నేటి తల్లిదండ్రులలో చాలామందికి తెలియదు. సూర్యచంద్రుల గమనాన్ని, పగలూ రాత్రుల హెచ్చుతగ్గులను వివరించే విద్య అది. చగ్మీనీ గ్రంథానికి ఖాజీజాదా రూమీ వ్రాసిన వ్యాఖ్యానాన్ని తరతరాల విద్యార్థులు చదివారు. ఆ వ్యాఖ్యాత సమర్‌ఖందులో ఉలుగ్ బేగ్ వేధశాలలో పనిచేసిన పండితుడు. రాత్రులు మేల్కొని ఆకాశాన్ని కొలిచిన వాని గ్రంథాన్ని మా తరం నాలుగు గోడల మధ్య కూర్చుని చదివింది. తరువాత అనేక మదరసాలలో ఆ పాఠమే లేకుండా పోయింది.

ఈ వయస్సులో మేము ఆ విద్యను తిరిగి చేపట్టడానికి కారణం నెలవంక. కోనసీమలో పడమటి అంచు కంటబడడమే అరుదు. ఎటు చూసినా కొబ్బరి తోటలే. రంజాన్ 29వ నాటి సాయంత్రం మగ్రిబ్ ముగియగానే ఫోన్లు మొదలవుతాయి. ఎవరో చూశారట, ఎక్కడో చూశారట. కాలువకు ఈవల పండుగ, ఆవల ఉపవాసం. అన్నదమ్ముల ఇళ్లలో ఒకరు సేమ్యా వండుకోగా మరొకరు సహరీకి లేచిన ఏడు కూడా ఉంది. ఆ ఇద్దరూ తరువాత చాలా కాలం మాట్లాడుకోలేదు.

ఒక సెలవులలో హైదరాబాదు వెళ్లి బిర్లా నక్షత్రశాల చూశాము. అది 1985లో నౌబత్ పహాడ్ మీద వెలసింది. పూర్వం నగారా మోగించి ఫర్మానాలు వినిపించిన గుట్ట అది. అదే నగరంలో నవాబ్ జఫర్ జంగ్ 1901లో సొంత ధనంతో వేధశాల స్థాపించి, 15 అంగుళాల దూరదర్శిని తెప్పించారు. అదే తరువాత నిజామియా వేధశాల అయింది. లక్షలాది నక్షత్రాల స్థానాలను కొలిచి ప్రపంచ పట్టికకు అందించింది. నక్షత్రశాల గుమ్మటం క్రింద వెనుకకు వాలిన కుర్చీలో కూర్చుని తెలుగు వ్యాఖ్యానం వింటూ ఉంటే, చుట్టూ ఉన్నవారంతా బడిపిల్లలే. నెరసిన గడ్డాలవారికి ఇటువంటి పాఠం సాయంకాలం ఎవరు చెబుతారు అనుకున్నాము.

ఇంటికి వచ్చాక, మా ప్రాంతంలోనే విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకులు ఒకరిని ఆశ్రయించాము. "మాస్టారూ, మాకు మొదటి నుంచి చెప్పండి" అన్నాము. "మౌల్వీ గారూ, మీరు శిష్యులుగా కూర్చుంటే నాకు నోరు పెగలదండీ" అని నవ్వారు; అయినా ఒప్పుకున్నారు. ఆ చలికాలమంతా గురువారం మగ్రిబ్ తరువాత రాజోలు వైపు వశిష్ఠ గట్టు మీద తరగతి జరిగింది. గోదావరి పాయ పడమటనే ఉన్నందున అక్కడ ఆకాశానికి తోటలు అడ్డు రావు. ముఅజ్జిన్ సాహెబు, కిరాణా దుకాణదారు ఒకరు, కొబ్బరి దింపు తీసే ఇద్దరు యువకులు, మేము. ఇదే మా నక్షత్రశాల.

మొదటి పాఠం మాస్టారు కృత్తికలతో ప్రారంభించారు. దింపు కుర్రవాడు వెంటనే "పిల్లలకోడి కదండీ, మా నాయనమ్మ దాన్ని చూసే రాత్రి ఎంతయిందో చెప్పేది" అన్నాడు. అరబ్బులు దానినే సురయ్యా అన్నారు; మన ఇళ్లలో ఆడపిల్లలకు ఆ పేరు పెడుతూనే ఉన్నాము. దాని వెనుకనే ఎర్రగా లేచే రోహిణికి అరబ్బీలో అల్ దబరాన్ అని పేరు, అంటే వెంబడించేది. పాశ్చాత్య పటాలలోనూ నేటికీ అదే పేరు ఉన్నదని మాస్టారు చెప్పినప్పుడు మా ముఅజ్జిన్ ముఖం చూడవలసింది!

"నుజూమ్ నేర్చుకుంటున్నారా?" అని ఒక పెద్దాయన మమ్మల్ని నిలదీశారు. జాతకం వేరు, హైఅత్ వేరు. దైవప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీం మరణించిన నాడే సూర్యగ్రహణం పట్టగా జనం రెండింటినీ ముడిపెట్టారు. ప్రవక్త (స) ఆ భావనను ఖండించి నమాజు వైపు, దుఆ వైపు మళ్లించారు. అయినా నేటికీ మన ఇళ్లలో గ్రహణం నాడు గర్భిణిని గదిలో కదలకుండా పడుకోబెట్టి, కత్తిపీట ముట్టుకోనివ్వరు. ఆ బిడ్డ గుండెలో పెట్టే భయానికి ఆధారం ఏ గ్రంథంలో ఉంది? ఈ మాట పెద్దాయనను అడిగితే ఆయన మౌనం వహించారు. మరుసటి గురువారం తామే గట్టు మీదికి వచ్చారు.

నెలవంక సంగతి మాస్టారు లెక్కతో విప్పారు. చంద్రుడు సూర్యుని నుండి గంటకు సుమారు అర డిగ్రీ చొప్పున ఎడమవుతాడు. ఆ ఎడం దాదాపు 7 డిగ్రీలకు లోపు ఉంటే నెలవంక కంటికి ఆనదు. చంద్రుడు సూర్యుని కంటె ముందే అస్తమించిన సాయంత్రం ఎవరైనా "చూశాను" అంటే, అది మేఘపు అంచో మరొకటో అయి ఉండాలి. లెక్కతోనే నెల ప్రారంభించవచ్చునన్న పండితులు ఉన్నారు. మేము కంటి చూపునకే కట్టుబడినవాళ్లము. కాని చూపు ఎటు నిలపాలో, సాక్ష్యాన్ని ఎట్లా పరీక్షించాలో లెక్క చెబుతుంది. ఇప్పుడు 29వ నాడు మేము ఫోను దగ్గర గాక గట్టు మీద ఉంటున్నాము. సాక్షిని "వంక కొమ్ములు ఎటు ఉన్నాయి, సూర్యుడు దిగిన చోటికి ఏ పక్క?" అని అడుగుతున్నాము.

ఇక ఖిబ్లా. మన ప్రాంతంలో ఖిబ్లా అంటే పడమర అనే వాడుక. అమలాపురం నుండి లెక్క కడితే అది నేరు పడమటికి సుమారు 14 డిగ్రీలు ఉత్తరంగా వస్తుంది. ఈ మాట పొక్కగానే పాత మసీదులో చేసిన నమాజుల మాటేమిటని ముసలివారు కలత చెందారు. కాబాకు దూరంగా ఉన్నవారికి దిక్కు చాలునని, ఇటూ అటూ 45 డిగ్రీల లోపు నమాజు చెల్లుతుందని హనఫీ ఫిఖహ్ చెబుతుంది. ఆ మాటే వారికి చెప్పి, గోడలు పగలగొట్టే ఆలోచన మాన్పించాము. కొత్తగా కట్టేవారు మాత్రం సరిచూసుకోవడం మేలు.

సరిచూసుకోవడానికి యంత్రం అక్కరలేదు. ఏటా మే 27, 28 తేదీలలో సూర్యుడు సరిగా కాబా నడినెత్తికి వస్తాడు. మన గడియారంలో అది మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలు. రోహిణి కార్తె ఎండ. గొడుగు పట్టుకొనే పెరట్లోకి దిగండి. నిటారుగా ఒక కర్ర పాతి, ఆ నిమిషాన దాని నీడ మీద గీత గీయండి. నీడ కొసన నిలబడి కర్ర మొదలు వైపు చూస్తే అదే ఖిబ్లా. జూలై 15, 16 తేదీలలో 2 గంటల 57 నిమిషాలకు మరల ఆ అవకాశం వస్తుంది గాని, అప్పటికి గోదావరి మీద మబ్బులు ఉంటాయి.