అమ్మమ్మ మాటలు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయి?

నేను డల్లాస్‌లో పుట్టి పెరిగాను. తెలుగు మాట్లాడటం ఇంట్లో వచ్చింది. చదవడం, రాయడం నాకు నేనే నేర్చుకున్నాను. నా ఉద్యోగం జావా ప్రోగ్రాములు రాయడం. ఈసారి తెలుగు, జావా ఒకే చోట నన్ను ఏడిపించాయి. తప్పులు రాస్తే మన్నించండి.

మా అమ్మమ్మ తెనాలిలో ఉంటుంది. ఫోన్‌లో ఆవిడ వాడే మాటలు కొన్ని నాకు తెలియవు. కవ్వం, చాట, రోకలి, ఇలాంటివి. ప్రతి ఆదివారం అడిగి రాసుకుంటాను. 120 మాటలు అయ్యాక ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. అది విండోలో ఒక మాట చూపించి అర్థం అడుగుతుంది. మాటలన్నీ ఒక ప్రాపర్టీస్ ఫైల్‌లో పెట్టాను. మామూలుగా అందులో డేటాబేస్ అడ్రస్ లాంటి సెట్టింగులు పెడతాం. నేను కవ్వం పెట్టాను.

నా లాప్‌టాప్‌లో బాగా నడిచింది. జార్ ఫైల్ చేసి పిన్నికి పంపాను. వీడియో కాల్‌లో అమ్మమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. పిన్ని నడిపింది. ఫైల్ దొరకలేదని ఎర్రర్!

"పోనీలేవే, వచ్చే వారం చూద్దాం" అంది అమ్మమ్మ.

తప్పు నాదే. ఫైల్‌ని "సోర్స్, మెయిన్, రిసోర్సెస్" అని నా ప్రాజెక్ట్ ఫోల్డర్ దారితో తెరిచాను. మా అమ్మ "డబ్బా వంటింట్లో రెండో అరలో ఉంది" అంటే, అది మా ఇంట్లో ఉన్నవాళ్ళకే పనికొస్తుంది. పిన్ని లాప్‌టాప్‌లో ఆ ఫోల్డర్లే లేవు. మేవెన్ ఆ రిసోర్సెస్ ఫోల్డర్‌లో ఉన్నవాటిని తీసి జార్ లోపల మొదట్లోనే పెడుతుంది. కాబట్టి క్లాస్‌పాత్‌ని అడగాలి. దానికి గెట్ రిసోర్స్ యాజ్ స్ట్రీమ్ ఉంది. ఇక్కడ ఒక స్లాష్ సంగతి గుర్తుపెట్టుకోండి. క్లాస్‌ని అడిగితే పేరు ముందు స్లాష్ ఉండాలి, లేకపోతే ఆ క్లాస్ ఉన్న ప్యాకేజీలోనే వెతుకుతుంది. క్లాస్‌లోడర్‌ని అడిగితే ముందు స్లాష్ పెట్టకూడదు. దొరక్కపోతే ఎర్రర్ ఇవ్వదు, ఊరికే నల్ ఇస్తుంది.

రెండో ఆదివారం ఫైల్ దొరికింది. కానీ తెలుగు అక్షరాల బదులు నెత్తిన గీతలున్న ఇంగ్లీషు అక్షరాలు, చిన్న సున్నాలు వచ్చాయి. నేను పంపే తొందరలో విండో తెరిచి చూడనే లేదు. అమ్మమ్మ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. "నా కళ్ళు బొత్తిగా పోయినట్టున్నాయే" అంది.

నాకు గుండె జారిపోయింది. "నీ కళ్ళు బాగానే ఉన్నాయి అమ్మమ్మా, తప్పు నాది" అన్నాను. ప్రాపర్టీస్ లోడ్‌కి స్ట్రీమ్ నేరుగా ఇస్తే, అది ఐఎస్ఓ 8859-1 అనుకుని చదువుతుంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షరానికి, ఒక్కో గుణింతం గుర్తుకి మూడు బైట్లు. ఒక్కొక్కటీ మూడు ముక్కలైపోయింది. ఆ స్ట్రీమ్‌ని యూటీఎఫ్-8 అని చెప్పి ఇన్‌పుట్ స్ట్రీమ్ రీడర్‌లో పెట్టి ఇస్తే సరిపోయింది. రిసోర్స్ బండిల్ అయితే జావా 9 నుంచి తనే యూటీఎఫ్-8 అనుకుంటుంది. ప్రాపర్టీస్ లోడ్ అలా మారలేదు.

మూడో ఆదివారం విండోలో "చాట" అని వచ్చింది. అమ్మమ్మ పైకి చదివింది. తర్వాత నేను రాసిన అర్థం చదివి నవ్వింది.

"చాటతో జల్లిస్తారుటే? చాటతో చెరుగుతారు. జల్లించేది జల్లెడతో."

ఆ ఒక్క వరుస మార్చాను. ఫైల్ జార్ లోపలే ఉంది కదా, మొత్తం మళ్ళీ కట్టి పంపాలి. పంపాను. ఈసారి ముందు తెరిచి చూసుకున్నాను.