ఊపిరికి మందు

అరకులోయలో మేము ఉపాధ్యాయులముగా నున్న కాలమున వసతిగృహపు బాలు డొకనికి చలిజ్వరము వచ్చినది. వర్షాకాలమున ఇవి సామాన్యములే యని పారసిటమాల్ మాత్ర యిచ్చి రెండు దినములు ఊరకుంటిమి. సంస్కృతమును ఆంగ్లమును చదివిన మా బుద్ధికి రక్తపరీక్ష తోచనే లేదు. మూడవనాడు బాలునికి ఎగరొప్పు పుట్టినది. ఘాటుత్రోవను విశాఖపట్టణమునకు కొనిపోవుచుండగా వాని తండ్రి జీపులో మమ్ము అడిగెను: "మాస్టారూ, ఊపిరికి మందు నేదా?"

ఉన్నదనియే చెప్పితిమి. తెలియక చెప్పితిమి.

ఫాల్సిపారమ్ మలేరియాలో ఒక్కొకప్పుడు ఊపిరితిత్తుల సూక్ష్మనాళములు చెడి, రక్తద్రవము గాలిగదులలోనికి ఊరును. రోగి పొడినేలపై నుండియే మునిగిపోవును. మందు పనిచేసి క్రిములు నశించిన పిదపను ఇది రావచ్చును. ఇట్టి ఊపిరితిత్తుల దెబ్బ పలు రోగములలో కలుగును. 1967లో ఆష్‌బా ప్రభృతి వైద్యులు 12 మంది రోగులను చూచి దీనిని వర్ణించిరి. నాటినుండి నైట్రిక్ ఆక్సైడు, సర్ఫాక్టెంటు, స్టాటిన్లు మొదలైనవి ఎన్నియో పరీక్షించిరి గాని, పెద్దవారిలో అవి మరణములను తగ్గింపలేదు. తగ్గించినది మందు గాదు, మితము. యంత్రముతో కొట్టు గాలిని కిలో భారమునకు 12 మిల్లీలీటర్లనుండి 6కు దించగా, నూటికి 40గా నున్న మరణములు 31కి దిగినవని 2000లో అమెరికాలో తేలినది. 2020లో డెక్సామెథసోన్ అను చౌక స్టెరాయిడు యంత్రముపై నున్న కోవిడ్ రోగుల మరణములను మూడవవంతు తగ్గించినది. అట్లని దానిని అందరికిని ఈయరాదు. మెదడుకెక్కిన మలేరియాలో అదే మందు స్పృహలేమిని పొడిగించినదని 1982లోనే వెల్లడియైనది.

కావున మా బాలునికి వైద్యులు ఇచ్చినది ఊపిరికి మందు గాదు, మూలరోగమునకు మందు. ఆక్సిజన్ పెట్టి, నరమున ఆర్టెసునేట్ ఎక్కించిరి. మన వినాయకచవితి పత్రిలోని మాచిపత్రికి దాయాదియైన చైనా మొక్కనుండి వచ్చిన దది. భారతదేశము మొదలగు నాలుగు ఆసియా దేశములలో జరిగిన పరీక్షలో, క్వినైనుతో నూటికి 22 మంది మరణింపగా దీనితో 15 మందియే మరణించిరని 2005లో ప్రకటించిరి. సెలైను ధారాళముగా ఎక్కింపుడని మేము బ్రతిమాలితిమి. అదియే వానిని ముంచునని వైద్యురాలు వారించెను. పండితుల సలహా లిట్లుండును!

బాలుడు బ్రదికినాడు. తిరుగుత్రోవలో తండ్రి మమ్ము ఒక్క మాటయు ననలేదు. అనియుండిన మాకు తేలికగా నుండెడిది. ఇప్పుడు మేము ఏ బిడ్డకు చలి పుట్టినను ఆ గడియనే ఆశా కార్యకర్తకు కబురంపుచున్నాము. వేలికొన రక్తపుచుక్కకు ఇరువది నిమిషములలో ఫలితము తెలియును.