తాళమెక్కడుంది?

అమెరికాలో కాల్పులని టీవీలో స్క్రోలింగ్ వస్తే మా నెల్లికుదురులో ముందు అడిగేది "ఎవరి పిల్లగాడు, ఏ ఊరు?" అనే. తొర్రూరు, కేసముద్రం, మానుకోట... ఎటు చూసినా పిల్లల్ని అక్కడికి పంపిన ఇళ్లున్నాయి మరి. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేతెలో కూచిభొట్ల శ్రీనివాస్‌ను జాతి ద్వేషంతో కాల్చి చంపారు. పక్కనే ఉన్న స్నేహితుడు, మన వరంగల్ అతను, గాయాలతో బయటపడ్డాడు. అప్పటి నుంచి తల్లులందరిదీ ఒకటే పాట: రాత్రిళ్లు బయట తిరగకు, ఎవరితోనూ వాదం పెట్టుకోకు.

అంటే మన భయమంతా బయటి మనిషి మీదే. 2024 నవంబరులో వచ్చిన వార్త నా మనసులో ఇంకోలా నాటుకుంది. హైదరాబాద్ నుంచి వెళ్లిన ఒక విద్యార్థి అట్లాంటాలో తన గదిలో, తన తుపాకీనే తుడుచుకుంటుంటే అది పేలి ప్రాణం పోయింది. అదీ పుట్టినరోజు నాడు. చదువుకోవడానికి పోయిన పిల్లలకు అక్కడ తుపాకీ లైసెన్సు దొరుకుతుందని ఆ తండ్రికి తెలియనే తెలియదట. మనలో ఎందరికి తెలుసు?

స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనకూడదనే అక్కడి చట్టం కూడా చెబుతుంది. కాకపోతే అందులో ఒక సందుంది. వేట లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు. మన దగ్గర 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు కావాలంటే 21 ఏళ్లు నిండాలి, పోలీసు విచారణ జరగాలి. 2019లో చట్టం మార్చాక ఒకరి దగ్గర రెండుకు మించి ఉండకూడదు. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు స్టేషన్లో అప్పజెప్పమంటారు. అమెరికాలోనేమో మనుషుల కన్నా తుపాకులే ఎక్కువ.

ఆ వార్త వచ్చిన కొన్నాళ్లకు డల్లాస్ దగ్గర ఎం.ఎస్. చదువుతున్న మా ఆడబిడ్డ కొడుకు ఫోన్‌లో మాటల మధ్య అన్నాడు.

"అత్తమ్మా, మా రూంల ఒకడు గన్ కొన్నడు. అమ్మకు చెప్పకు, భయపడ్తది."

"ఏడ పెట్టిండు?"

"మంచం కింద."

"తాళం?"

"తాళమెందుకత్తా? దొంగొస్తే చెవి దేవులాడుకుంట కూసుంటడా?"

మా ఆయన కూడా వాడి పక్షమే. "వాళ్లకు అక్కడ ఎవరున్నరు, వాళ్ల జాగ్రత్త వాళ్లది" అంటారు. ఆ మాటను తీసిపారేయలేను. పెట్రోల్ బంకుల్లో, స్టోర్లలో రాత్రి డ్యూటీ చేసే పిల్లల భయం వాళ్లకే తెలుసు. కానీ ఆ తుపాకీ దొంగ కోసం ఒక్క రాత్రి పనికి రావచ్చు, రాకపోవచ్చు. మిగతా రోజులన్నీ అది ఆ నలుగురి మధ్యే ఉంటుంది కదా! నెత్తిన అప్పు, దొరకని ఉద్యోగం, కుదరని సంబంధం... ఎవరి మనసు ఏ రాత్రి ఎలా ఉంటుందో? అమెరికాలో తుపాకీతో పోయే ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. 1 నుంచి 19 ఏళ్ల పిల్లల మరణాలకు 2020 నుంచి మొదటి కారణం కూడా తుపాకీయే.

ఇది అర్థం కావడానికి మనకు అమెరికా అక్కర్లేదు. మిర్చి, పత్తి వేసే ఊళ్లలో పురుగుల మందు, గడ్డి మందు ఎక్కడ పెడతారో చూడండి. దర్వాజ పక్కన, గడెంచె కింద, ఒక్కోచోట ఉప్పు డబ్బా పక్కనే. మొగుడూ పెళ్లాం మాటా మాటా అనుకున్న రాత్రి చేతికి అందేది అదే. కోపం అరగంటలో పోతుంది, తాగిన మందు పోదు. మా అత్తమ్మ ఈ విషయంలో ఖచ్చితం. మందు డబ్బా గడప దాటి లోపలికి రాకూడదు. బాయి కాడి మోటారు కొట్టంలోనే ఉంటుంది, చెవి ఆమె కొంగు ముడికి. కొడుకు స్ప్రే చేయాలన్నా ఆమెను అడగాల్సిందే. "ఎవల మీద అనుమానంతోని కాదు బిడ్డా, అందరం మనుషులమేనాయె" అంటుంది.

ఆమె మాటలే నేను వాడికి చెప్పాను. అక్కడి పిల్లల డాక్టర్లు చెప్పేది కూడా దాదాపు అదే. ఇంట్లో లేకపోతే అన్నిటికన్నా మేలు. ఉంటే తూటాలు తీసేసి తాళం పెట్టాలి, తూటాలు వేరేచోట ఇంకో తాళంలో ఉండాలి. తుడిచే ముందు మ్యాగజైన్ తీసేశాం కదా అనుకోకూడదట, లోపల ఒక తూటా మిగిలిపోయి ఉండొచ్చు. పిల్లల్ని ఆడుకోవడానికి ఎవరింటికైనా పంపేముందు "మీ ఇంట్లో తుపాకీ ఉందా, తాళం వేశారా?" అని అడగమని కూడా అక్కడి తల్లిదండ్రులకు చెబుతారు. అడగడానికి మొహమాటమే. మనం కుక్క కరుస్తుందా అని అడిగి గేటు తీయమా?

వాడు మొదట నవ్వాడు. "నువ్వు గన్ ఎక్స్‌పర్ట్ అయినవ్ అత్తమ్మా" అన్నాడు. నేను నవ్వలేదు. తాళం పెట్టెకు పైసలు తలా ఇంత వేసుకోండి, లేదంటే నువ్వు రూం మారు, రెండూ కుదరవంటే మీ అమ్మకు నేనే చెప్తా అన్నాను. వారం మాట్లాడలేదు.

మొన్న వాట్సాప్‌లో ఫొటో పంపాడు. నంబర్ల తాళమున్న పొడుగాటి ఇనుప పెట్టె, కింద ఒక్క ముక్క: "ఓకేనా?" తూటాలు ఎక్కడున్నాయని తిరిగి అడిగాను. ఇంకా జవాబు రాలేదు.