బెత్తెడు విమానం

మా యింట్లో చెంచాలకు లెక్క వుంది. పిసినారితనం అనుకునేరు, అది కాదు. రాత్రి భోజనాలయ్యాక మా నాన్నగారు వంటింటి గడపదాకా వచ్చి, "ఎన్ని?" అని అడుగుతారు. అమ్మ వున్న రోజుల్లో అమ్మ చెప్పేది. ఇప్పుడు మా ఆవిడ చెబుతున్నది. "పద్నాలుగు, మామయ్యగారూ" అంటే వెళ్ళి పడుకుంటారు. "పదమూడు" అన్నదో, ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర లేనట్టే. కత్తెర, దబ్బనం, సుత్తి, టార్చిలైటు, దేని మేకు దానిదే. వస్తువు చుట్టూ గోడమీద పెన్సిలుతో గీత గీసి వుంటుంది. వస్తువు తీసుకెళ్ళి మళ్ళీ తగిలించకపోతే దాని ఖాళీ బొమ్మ మనల్ని చూసి వెక్కిరిస్తూ వుంటుంది. నాకు నలభయ్యారేళ్ళు వచ్చినా యీ లెక్కల మర్మం తెలియలేదు. కిందటేడు ఒక ప్లాస్టిక్ విమానం మా గుమ్మంలోకి వస్తేగాని తెలియలేదు.

నాన్నగారిది జగ్గయ్యపేటే. పద్దెనిమిదో యేట, 1968లో, వాయుసేనలో చేరారు. తాంబరంలో పని నేర్చుకుని ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టరు అయ్యారు. అంటే విమానం ఒంటిని చూసుకునేవాడన్నమాట. రెక్కలు, తోక, చక్రాలు, వాటిని కదిలించే గొట్టాలు. ఆయన చేతి కిందికి వచ్చింది మిగ్-21. పనిచేసిన కాలమంతా దాదాపు దానితోనే గడిచింది. 1990లో వచ్చేసి పేటలో బోరు మోటార్లు బాగుచేసే కొట్టు పెట్టారు. మా మెట్టలో పత్తికీ మిరపకీ నీళ్ళందించే మోటారు ఆగితే రైతు ప్రాణం ఆగినట్టే గనుక కొట్టు బాగానే నడిచింది. ఆయన చేతుల్లో పడిన మోటారు తిరక్కుండా వెళ్ళడం నేను చూడలేదు.

అటువంటి మనిషికి నేను పుట్టాను. మేకు కొడితే వేలు చితుకుతుంది నాకు. తెలుగు ఎం.ఏ. చదువుతానన్నప్పుడు ఆయన వద్దనలేదు, సరే అనలేదు. "చేతులతో ఏం చేస్తావురా?" అని ఒక్కమాట అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు లేకుండానే ఉద్యోగం వచ్చింది. రోజూ పేటనుంచి చిల్లకల్లు మీదుగా బస్సెక్కి నందిగామ వెళ్ళి సంధులూ సమాసాలూ చెప్పి వస్తున్నాను. మా వూళ్ళు 2022నుంచీ ఎన్.టి.ఆర్. జిల్లాలో వున్నా, చిరునామా రాసేటప్పుడు చెయ్యి కృష్ణాజిల్లా అనే రాసేస్తుంది. ఆమాట అలా వుంచండి.

మూడేళ్ళుగా నాన్నగారికి చేతులు వణుకుతున్నాయి. కొట్టు మూసేశారు. నలుగురిలో కాఫీ తాగడం మానేశారు. ఎవరైనా వస్తే చేతులు కండువా కింద దాచుకుని కూచుంటారు.

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21లకు వీడ్కోలు చెప్పారు. 1963లో మొట్టమొదటి దళం వచ్చిందీ ఆ వూరికే. అరవై రెండేళ్ళ కొలువు. మేమంతా టీవీ ముందు కూచున్నాము. చివరి విమానం దిగి ఆగుతూండగా నాన్నగారు లేచి పెరట్లోకి వెళ్ళిపోయి వేపచెట్టు కింద నిలబడ్డారు. పలకరించే ధైర్యం నాకు లేకపోయింది. తొమ్మిదో తరగతి చదువుతున్న మావాడికి మాత్రం మరో వుపాయం తోచింది. "తాతయ్యకి మిగ్ కొనిద్దాం నాన్నా" అన్నాడు. పేటలోగాని నందిగామలోగాని అటువంటివి అమ్మే కొట్టు లేదు. వాడే ఫోన్లో వెతికి, మన వాయుసేన గుర్తులు కూడా వున్నవని చూసి, తెప్పించాడు.

పెట్టె మీద విమానం మబ్బుల్లో దూసుకుపోతున్నది. లోపల విమానం లేదు. బూడిదరంగు ప్లాస్టిక్ చట్రాలు నాలుగు, వాటికి మామిడిరెమ్మకు పిందెలు వేళ్ళాడినట్టు నూటికి తక్కువకాకుండా ముక్కలు. ప్రతి ముక్కకూ ఒక అంకె. కరిగించిన పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్‌ను వుక్కు అచ్చులోకి గట్టిగా తోసి పోత పోస్తారట. ఆ పోత పారిన కాలవలే యీ చట్రాలు.

నాకు పుస్తకాల జబ్బు వుంది గనుక, పని మొదలుపెట్టకుండా ముందు దీని వంశచరిత్ర చదివాను. 1936లో ఇంగ్లండులో ఫ్రాగ్ అనే కంపెనీ "పెంగ్విన్" పేరుతో తొలి ప్లాస్టిక్ విమానాలు అమ్మింది. అసలు దానిలో డెబ్బయి రెండో వంతు. ఈ డెబ్బయి రెండేమిటని అడుగుతారేమో, ఆరడుగులు అంగుళమవుతుంది, అంతే. ఆరడుగుల పైలట్ అంగుళం మనిషి. 1942లో అమెరికా నౌకాదళంవారు తమవీ పరాయివీ విమానాలు గుర్తుపట్టడం నేర్పడానికి అయిదు లక్షల బొమ్మలు కావాలని హైస్కూలు పిల్లల్ని అడిగితే, వాళ్ళు బడుల్లో చెక్కతో చెక్కి పంపారు. వాటి కొలతా ఇదే. ఎయిర్‌ఫిక్స్ అనే మరో ఇంగ్లీషు కంపెనీ 1953లో స్పిట్‌ఫైర్ విమానం చేసి పేరు తెచ్చుకుంది. అయితే దాని మొదటి బొమ్మ విమానం కాదు, 1949లో చేసిన ఫెర్గూసన్ ట్రాక్టరు! ఈ సంగతి చెబితే మా మెట్ట రైతులు సంతోషిస్తారు. జపానులో టామియావారు మొదట కలప వ్యాపారులు. చెక్కబొమ్మలు చేస్తూ చేస్తూ 1960లో ప్లాస్టిక్‌లోకి దిగారు.

ఇంతా చదివి, ఇది మనకు తెలియని విద్యేమీ కాదనిపించింది. కొండపల్లిలో తెల్లపొణికి చెక్కతో బొమ్మ చేసేవాళ్ళు కాళ్ళూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపుపొట్టూ కలిపిన మక్కుతోనే గదా అతికేది! తేడా అల్లా, ఆ అతికే కష్టం వాళ్ళు పడి బొమ్మ మన చేతికిస్తారు. ఇక్కడ ఆ కష్టానికే మనం డబ్బు చెల్లించాలి.

మావాడు మూడురోజులు వుత్సాహంగా కత్తిరించాడు. నాలుగోరోజు క్రికెట్టు, అయిదోరోజు పరీక్షలు. ముక్కలు నా బల్లమీద మిగిలాయి. కొన్నది పారెయ్యలేక నేను కూచున్నాను. గోళ్ళు తీసుకునే కత్తెరతో ముక్కలు కోసి, చెక్కలు అతికే తెల్లజిగురుతో అంటించాను. తెల్లవారేసరికి రెండు రెక్కలూ రాలి బల్లమీద పడివున్నాయి. కాలేజీలో భౌతికశాస్త్రం మేష్టరు నవ్వి, ఆ జిగురు చెక్కలోకి ఇంకుతుంది గాని దీన్లోకి ఇంకదని, దీనికి ప్లాస్టిక్‌ను కాస్త కరిగించే ద్రవం కావాలని, కరిగిన రెండంచులూ ఒకటిగా గట్టిపడతాయని చెప్పాడు. నాకు వెంటనే అర్థమయింది. రెండు అచ్చులకు బదులు ఒక్కటే నిలిచే సంధి! ఇరవయ్యేళ్ళుగా నేను చెబుతున్నదేగదా.

ఇదంతా నాన్నగారు వాలుకుర్చీలోనుంచి చూస్తూనే వున్నారు. ఒక్కమాట లేదు. పదిరోజులయ్యాక ఒక సాయంత్రం, నేను ముక్కుమీద పొడుగాటి గొట్టం పెట్టబోతూంటే, "అది మాది కాదు" అన్నారు.

"ఏది నాన్నగారూ?"

"ఆ విమానం. మా ఎఫ్.ఎల్.కి పీటో గొట్టం నడినెత్తిన వుండేది. నీది కుడిపక్కకు జరిగింది. మూపు చూడు, ఒంగోలు గిత్తకిమల్లే ఎంత లావుందో! మాది సన్నం. ఇది బిస్. తరవాత వచ్చింది."

నాన్నగారి నోట ఒకేసారి అన్ని మాటలు వినడం నా జన్మలో అదే మొదలు. గాలి ఆ గొట్టంలోకి తోసుకొచ్చే ఒత్తిడిని బట్టే వేగం తెలుస్తుందని, ముక్కు మధ్యనున్న శంకువు వేగం పెరిగినకొద్దీ ముందుకు జరుగుతుందని, అందులోనే రాడార్ వుంటుందని చెప్పారు. నిజం మిగ్ రెక్కల వెడల్పు 7.15 మీటర్లు. నా బల్లమీదిది పది సెంటీమీటర్లు, బెత్తెడుకు కాస్త ఎక్కువ. ఆ బెత్తెడులోనే ఆయనకు ప్రతి మూతా ఎక్కడుందో తెలుసు. మర్నాటినుంచి నేను బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి బల్లదగ్గర కుర్చీ వేసుకుని సిద్ధంగా వుండేవారు. చేతులు కండువా కిందే. "ఆకురాయి ఒకే వైపు నడిపించు." "తొందరపడకు, ఆరనీ." "పైలట్ అద్దానికి ఆ మందు రాయకు, మసకబారుతుంది. నీ తెల్లజిగురే పెట్టు." నందిగామలో నలభైమందికి పాఠం చెప్పి వచ్చి, పేటలో ఒక్కరి దగ్గర పాఠం చెప్పించుకునేవాణ్ణి.

ఒక రాత్రి ముందు చక్రం పక్కన వుండే తలుపురేకు, బియ్యపుగింజంతది, పటకారులోంచి ఎగిరి ఎటో పోయింది. "పోనీండి, కనబడదులే" అన్నాను. నాన్నగారు లేచి నిలబడ్డారు. "ఎవరూ కదలొద్దు. చీపురు ముట్టుకోవద్దు" అన్నారు. మా ఆవిడ వంటింట్లో ఎక్కడిదక్కడే ఆగిపోయింది. పొయ్యిమీద పాలు పొంగిపోయాయి. మావాణ్ణి పిలిచి దీపాలు ఆర్పించి, టార్చిలైటు నేలమీద పడుకోబెట్టి వెలిగించమన్నారు. ఎంత చిన్న రేణువుకైనా అప్పుడు నీడ పొడుగ్గా పడుతుంది. గంటంబావుకు బీరువా కాలిదగ్గర దొరికింది. మావాడు దాన్ని తాతయ్య అరచేతిలో పెట్టాడు. ఆ చెయ్యి వణుకుతూంటే బియ్యపుగింజ గెంతుతున్నది. ఆయన దాచుకోలేదు.

"స్పానరు ఒకటి తక్కువైతే అది దొరికేదాకా విమానం లేవదురా" అన్నారు. కాసేపటికి, మమ్మల్ని చూడకుండా చెప్పారు. ఎప్పుడో, ఎక్కడో అడగలేదు. ఆయన చెప్పలేదు. విమానం ఎగిరేముందు ఫిట్టరు ఫారం మీద సంతకం పెట్టాలి. ఆ పైలట్‌కి ఇరవై నాలుగేళ్ళుంటాయి. నిచ్చెన ఎక్కుతూ "ఠీక్ హై?" అని అడిగేవాడు. "ఠీక్ హై సర్" అనేవారు నాన్నగారు. ఒక పొద్దున అలాగే అడిగాడు, అలాగే చెప్పారు. విమానం తిరిగి రాలేదు.

"పక్షి తగిలిందని తేల్చార్రా. మా పనిలో లోపం లేదని కాగితం మీద రాశారు. ఆ రాత్రి నేను నా పెట్టె ముందేసుకు కూచున్నాను. అన్నీ వున్నాయి. ఇరవైసార్లు లెక్కపెట్టాను. అన్నీ వున్నాయి."

వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినిపించింది. "పద్నాలుగు, మామయ్యగారూ." ఆయన ఆ రోజు ఇంకా అడగలేదు.

నాకు ఆ రాత్రి పెనుగంచిప్రోలు తిరపతమ్మ తిరనాళ్ళు గుర్తుకొచ్చాయి. నాకు ఏడేళ్ళు. నాన్నగారు సెలవుమీద వచ్చి నన్ను భుజానెత్తుకు తీసుకెళ్ళారు. అంగట్లో ఎర్రటి రేకు విమానం కావాలని ఏడ్చాను. చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "దీని చక్రాలే సరిగ్గా లేవు" అని అక్కడే పెట్టేశారు. ఇంటిదాకా ఏడుస్తూనే వచ్చాను. చాలా ఏళ్ళు ఆ కోపం మనసులో వుంచుకున్నాను కూడా.

సంక్రాంతి సెలవుల్లో రంగు వేశాను. అతుకుల సందులు పుట్టీతో పూడ్చి, నున్నగా రుద్ది, బూడిదరంగు రెండు పూతలు. గుర్తులు అంటించడం ఆఖరు. వాటిని నీళ్ళలో వేస్తే అరనిమిషానికి కాగితం మీదనుంచి జారతాయి. బయట కాషాయం, మధ్య తెలుపు, లోపల ఆకుపచ్చ వలయం. ఎడమరెక్క మీద నేను జార్చాను. కుడిరెక్క దగ్గరకు వచ్చేసరికి నాన్నగారు కండువాలోంచి చెయ్యి తీసి చూపుడువేలు చాపారు. నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. వలయం ఒక నూలువాసి ముందుకు పడింది. "పరవాలేదు, ఎగురుతుంది" అన్నారు.

మర్నాడు పొద్దున మావాడు తయారైన విమానాన్ని పీటమీద పెట్టి తీసుకొచ్చాడు. దానితోపాటు ముక్కల అంకెలున్న కాగితం, కలం. "తాతయ్యా, సంతకం పెట్టు" అన్నాడు. నాన్నగారు కళ్ళజోడు పెట్టుకుని చుట్టూ తిరిగి చూశారు. పీటను కంటి ఎత్తుకు లేపమన్నారు. చాలాసేపు చూశారు.

"ముందు చక్రం వంకర" అన్నారు. "సరిచేసి తీసుకురండి. అప్పుడు పెడతాను."

అతుక్కుపోయిన చక్రాన్ని విరగ్గొట్టకుండా వూడదీయడం ఎట్లాగో భౌతికశాస్త్రం మేష్టర్ని అడిగాను. సన్నటి రంపం కావాలన్నాడు. ఆదివారం విజయవాడ వెళుతున్నాను.