ఒక యంత్రమున పది యంత్రములు

కామాఠిపురమునకు ఆ పేరు, తెలుగునేల నుండి వలసవచ్చి బొంబాయి మేడలు కట్టిన కామాఠీ కూలీల వలన వచ్చినది. ఆ పేట తెలుగు చాళ్ల పిల్లలకు మా బడిలో నున్నది ఒక్కటే కంప్యూటరు. అందు వర్చువల్‌బాక్సుతో తలకొకటిగా పది మాయాయంత్రములు నిలిపి, వంతులవారీగా తెరచుచుంటిమి. ఒక్కొక్కదానిని మౌసుతో సర్దుట విసుగై, వీబాక్స్‌మేనేజ్ ఆజ్ఞలను ఒక ఫైలున వ్రాసితిమి: శనివారము రాత్రి, మూసియున్న పదింటిని వరుసగా మొదటి స్నాప్‌షాట్ నాటి స్థితికి త్రిప్పవలెనని. చక్కగా త్రిప్పినది. స్నాప్‌షాట్ తరువాత వ్రాసినదెల్ల తుడిచిపెట్టుకొని పోవునను సంగతి మాకు తట్టలేదు! ఎనిమిదవ తరగతి బాలిక, తాతగారి మేస్త్రీపని ముచ్చట్లు విని టైపు చేసిన వ్యాసము పోయినది. ఇప్పుడు ఆ ఫైలున మొదటి ఆజ్ఞ, పిల్లల వ్రాతలను వెలుపలి ఫోల్డరునకు నకలు తీయుట. బాలిక మరల తాతగారి నడిగినది. ఈమారు ఆయన వేరుగా చెప్పిరట.